ర్యాంపు మీద మిరప కల్లం

రోడ్డు పని చేసేవాడికి ఒక జబ్బు ఉంటుంది. ఏ రోడ్డెక్కినా కళ్లు ముందు దాని వాటం చూస్తాయి. వాన పడితే నీళ్లు ఎటు పోతాయి, అంచు ఎక్కడ కుంగింది, తారు ఎవడు కక్కుర్తిపడి పల్చగా పోశాడు, మనసంతా వీటి మీదే ఉంటుంది. ముప్పై ఏళ్లుగా కాంట్రాక్టర్ల దగ్గర సైటు సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. పెళ్లికి పోయినా పందిట్లో కుదురుగా కూర్చోనని, ఆ వీధిలో సిమెంటు రోడ్డు ఎందుకు పగిలిందో వంగి వంగి చూస్తుంటానని మా ఆవిడ సాధిస్తుంది. కాదనను. ఒక్క చోట మాత్రం నాకు ఆ జబ్బు నయమైపోతుంది. మా టౌన్ బయట హైవే మీంచి దిగి నేరుగా పెద్దాసుపత్రి వైపు పోయే లింకు రోడ్డు ఒకటుంది. దాని మొదట్లో ఉన్న ర్యాంపు ఎక్కితే నాకు వాటమూ కనపడదు, తారూ కనపడదు. ఎర్రగా మిరపకాయలు కనపడతాయి.

ఇప్పుడక్కడ ఒక్క కాయ కూడా లేదు. కార్లు, బస్సులు, ఆటోలు సర్రున పోతుంటాయి. ఈ రోడ్డు మీద ఒకప్పుడు ఊరంతా మిరపకాయలు ఆరబోసుకుందంటే కొత్తగా వచ్చినవాళ్లు నమ్మరు కూడా. నాలుగేళ్ల కిందట, పన్నెండు రోజులపాటు, ఆ ర్యాంపు మా ఊరి కల్లం.

ఆ ర్యాంపు ఎందుకొచ్చిందో చెప్పాలంటే ముందు సెంటర్ గురించి చెప్పాలి. మా వైపు ఏ టౌన్లోనైనా నాలుగు రోడ్లు కలిసేచోటును సెంటర్ అంటారు. పెద్ద ఊళ్లలో అలాంటివి పది ఉంటాయి, వాటికి పేర్లుంటాయి. మా టౌన్లో ఉన్నది ఒక్కటే కాబట్టి దానికి పేరు కూడా అక్కర్లేదు. గుంటూరు నుంచి వచ్చే రోడ్డు, ఒంగోలు పోయే రోడ్డు, పర్చూరు మీదుగా చీరాల పోయే రోడ్డు, మా పల్లెల నుంచి వచ్చే రోడ్డు, అన్నీ వచ్చి అక్కడ ఒకదాని మీద ఒకటి పడతాయి. మిరప టిక్కీలతో, అంటే బస్తాలతో, గుంటూరు యార్డుకు పోయే లారీ, పర్చూరు పొగాకు వేసుకొచ్చిన లారీ, వాడరేవు నుంచి ఐసు నీళ్లు కార్చుకుంటూ వచ్చే చేపల వ్యాను, వెనక సీటుకు చీరల మూట కట్టుకున్న చీరాల స్కూటరు, కాలేజీ బస్సులు, వీటన్నిటి మధ్యా ఎవరి మాటా వినని బర్రెలు. హైవేని టౌన్ బయటికి మళ్లించినప్పుడు ఇక తెరిపిన పడ్డాం అనుకున్నాం. హైవే అయితే బయటికి పోయింది గానీ, దాని మీంచి టౌన్లోకి దిగడానికి దారి పెట్టలేదు. దిగాలంటే ముందుకు పోయి పాత రోడ్డెక్కి మళ్లీ సెంటర్లోకే రావాలి. మాది హైవేకి అవతలి పక్క పల్లె. మా డాబా ఎక్కి చూస్తే ఆసుపత్రి మీది నీళ్ల ట్యాంకు చక్కగా కనపడేది. అక్కడికి పోవాలంటే మాత్రం టౌనంతా చుట్టి, సెంటర్ దాటి పోవాలి.

మా నాన్న ట్రాక్టర్ డ్రైవరు. ట్రాక్టరు మా ఊరి మోతుబరిది, తోలేది నాన్న. పత్తి సీజన్లో జిన్నింగు మిల్లుకి లోడు తోలేవాడు. పత్తి బరువుండదు కాబట్టి ఎంతైనా వేయొచ్చని మా వాళ్ల నమ్మకం. ట్రక్కు చుట్టూ వెదురు బొంగులు కట్టి, గోనె పట్టాలు కుట్టి, అటూ ఇటూ పొంగిపోయేలా నింపేవాళ్లు. అది సెంటర్లోకి వచ్చిందంటే ఏ షాపు బోర్డుకో తగులుకుని ఆగిపోయేది. అటు నుంచి వచ్చేవాళ్లు అటే, ఇటు నుంచి వచ్చేవాళ్లు ఇటే. ట్రాఫిక్ కానిస్టేబులు ఈల ఊదీ ఊదీ, "ఏమయ్యా, నీకేమన్నా రోడ్డు రాసిచ్చారా?" అని అరిచేవాడు. నాన్న ఇంజను ఆపి, తాపీగా కిందికి దిగి, "రాసిస్తే ఇంత ఇరుగ్గా ఎందుకుంచుతానండీ?" అనేవాడు. నవ్వేవాళ్లు నవ్వేవాళ్లు, తిట్టేవాళ్లు తిట్టేవాళ్లు.

జామ్ అయిందంటే నాన్నకి పండగే. సెలవు రోజుల్లో నేనూ లోడు మీదెక్కి వెళ్లేవాణ్ణి. పత్తి మీద వెల్లకిలా పడుకుంటే కింద ఎంత గోల జరుగుతున్నా మెత్తగా ఉండేది. కొంచెం తల వంచితే సెంటరంతా కనపడేది. నాన్న అల్లం టీ తాగుతూ ఒక లారీ దగ్గర నుంచి ఇంకో లారీ దగ్గరికి నడిచేవాడు. ఎవరి చేలో తెగులొచ్చింది, ఏ మందు కొడితే పోయింది, ఎవరింట్లో ఎద్దు అమ్మకానికుంది, అన్నీ ఆ అరగంటలో తెలిసిపోయేవి. మా మేనత్త కూతురి సంబంధం కుదిరింది కూడా జామ్‌లోనే. చీరాల నుంచి వస్తున్న ఒకాయన స్కూటరు నాన్న ట్రాక్టరు పక్కన గంటసేపు ఇరుక్కుంది. మొదట ఇద్దరూ తిట్టుకున్నారు. తర్వాత ఊళ్ల పేర్లు అడుక్కున్నారు. దారి తెరుచుకునేసరికి పెళ్లిచూపులకు రోజు పెట్టుకున్నారు. "బైపాస్సే ఉండుంటే నీ కూతురికి పెళ్లయ్యేదా అక్కా?" అని నాన్న మా అత్తని జీవితాంతం ఆటపట్టించాడు.

ఆ రోజులంటే నాకు ఇప్పటికీ ప్రాణం. రోడ్లు వేసి బతికేవాడు ట్రాఫిక్ జామ్‌ని తలుచుకుని మురిసిపోకూడదు. మా ఇంజినీర్ల ముందు అంటే నవ్వుతారు. అయినా చెప్తున్నాను, ఆ పత్తి మీద పడుకుని చూసిన సెంటరంత మంచి చోటు నేను మళ్లీ చూడలేదు.

నాన్న పోయింది కూడా ఆ సెంటర్లోనే.

మధ్యాహ్నం అన్నం తింటూ ఛాతీలో నొప్పన్నాడట. అమ్మ అంతకు రెండేళ్ల ముందే పోయింది. నేను ఒంగోలు అవతల ఒక రోడ్డు పనిలో ఉన్నాను. పక్కింట్లోనే ఉండే అత్త, నాన్నకి సొంత అక్క, ఆటో పిలిచి తమ్ముణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని బయల్దేరింది. మిరప లారీల రోజులు. ఆటో సెంటర్లో ఇరుక్కుపోయింది. అది మళ్లీ కదిలేసరికి ఆసుపత్రితో పని లేకపోయింది.

ఆ ప్రయాణం గురించి అత్త ఎవరికీ ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగే ధైర్యం లేదు. అప్పటినుంచి ఆవిడ ఆ ఆసుపత్రి గుమ్మం తొక్కలేదు. జ్వరమొచ్చినా, నడుం పట్టినా ఊళ్లో ఆరెంపీ దగ్గరే సూది వేయించుకునేది. నేను మాత్రం హైవే నుంచి ఆసుపత్రికి నేరుగా లింకు రోడ్డు వేస్తున్నారని విన్న రోజునే, పని దక్కించుకున్న కాంట్రాక్టరు దగ్గరికి వెళ్లి, జీతం సంగతి కూడా మాట్లాడకుండా చేరిపోయాను. ఆ రోడ్డు నేనే వేయాలనిపించింది. ఎందుకని మా ఆవిడ కూడా అడగలేదు.

అయితే రోడ్డంటే ఎవరిదో నేల పోవాల్సిందే. ర్యాంపు మా ఊరి పక్కనే దిగాలి. ఆ దిగేచోటు సరిగ్గా మా అత్త కల్లం మీద పడింది. అత్త కౌలుకు మిరప వేసేది. చేను వేరేవాళ్లది, కల్లం కూడా ఆవిడది కాదు, కాలవ పక్కన ఖాళీగా పడున్న పోరంబోకు. కానీ వాళ్ల అత్తగారి కాలం నుంచీ కాయ అక్కడే ఎండబెట్టారు. ఏటా కోతలకు ముందు పేడతో అలికి, దిమ్మెసతో కొట్టి, అద్దంలా చేసుకునేది. నేను మనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్లి, టేపు పట్టి, ఆ అలికిన నేల మధ్యలో ఇనప మేకు దిగ్గొట్టించాను.

"ఒరేయ్, నా కల్లంలో మేకు కొడతావేందిరా?" అంటూ పరిగెత్తుకొచ్చింది.

"రోడ్డు అత్తా. సెంటర్‌కి పోకుండా సూటిగా ఆసుపత్రి దాకా పడుతుంది."

అత్త మేకు వంక చూసింది. పైట కొంగు నడుముకి బిగించుకుంది. "అయితే గట్టిగా కొట్టు. కదలకుండా," అని వెళ్లిపోయింది.

నేను చెడ్డవాణ్ణి కాదు గానీ, అంతటితో ఆ కల్లం సంగతి మర్చిపోయాను. మట్టి పోయించడం, రోలరు తిప్పించడం, కంకర, తారు, ఏడాది పట్టింది. జనవరికల్లా ర్యాంపు పూర్తయింది. కింద కాలవ మీద చిన్న కల్వర్టు ఆరాలి, రెండు కరెంటు స్తంభాలు జరపాలి, అప్పటిదాకా రోడ్డు తెరవరు. నల్లగా, నున్నగా, ఒక్క చక్రం కూడా తగలని తారు. అలాంటి రోడ్డును చూస్తే నాకు కడుపు నిండుతుంది. ఆ సాయంత్రమే అత్త సైటుకి వచ్చింది.

"ఏరా, నా కల్లం నువ్వే తీసుకున్నావు. రెండో కోత కోయిస్తున్నా. కాయ ఎక్కడ పోసుకోమంటావు, నీ నెత్తినా?"

రోడ్డు తెరవడానికి ఇంకా నెల పైనే పడుతుందని ఇంజినీరు గారు చెప్పారు. మిరపకి పదీ పన్నెండు ఎండలు తగిలితే చాలు. "ర్యాంపు మీద పోసుకో అత్తా," అన్నాను. నేను చేసిన తప్పేదైనా ఉంటే అదే. ఒక్క మనిషికే కదా అనుకున్నాను. మిరప పండించే ఊళ్లో పుట్టి కూడా అలా అనుకున్నానంటే నన్నేమనాలి?

ఆవిడ కోత పూర్తి చేసి కాయ తోలుకునేలోపే ఊళ్లో తెలిసిపోయింది. మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి ర్యాంపు పై నుంచి కింది దాకా ఎరుపే. తారు మీద పట్టాలు పరిచి, వాటి మీద కాయ పోసి, పారలతో నెరుపుతున్నారు. తారు కింద నుంచి వేడిస్తుంది, పైన ఎండ, మధ్యలో కాయ గలగలా ఎండుతుంది. ఇంత మంచి కల్లం ఈ జిల్లాలో లేదని ఒక పెద్దాయన నా వీపు తట్టాడు. అందరికన్నా ముందు మాట తీసుకున్న మా అత్తకి మిగిలింది చిట్టచివర, కల్వర్టు పక్కన ముక్క. అదీ అందరికంటే మూడు రోజులు ఆలస్యంగా పోసింది.

అసలు తమాషా అప్పుడే మొదలైంది. రోడ్డు కొలతలకని మేం అంచు వెంబడి పది మీటర్లకొకటి తెల్ల రంగుతో అంకెలు రాయిస్తాం. మా వాళ్లు వాటిని చూసి హద్దురాళ్లనుకున్నారు. "నాది నూట ఇరవై నుంచి నూట నలభై దాకా," అని ఒకడు. "నువ్వు నూట నలభై రెండు దాకా జరిగావు," అని ఇంకొకడు. రెండు రోజులకల్లా ఇటుకలు వరసగా పేర్చి గట్లు పెట్టుకున్నారు. మూడో రోజు గట్టు జరిగిందని గొడవ. హైవే ర్యాంపు మీద గట్టు తగాదా! దాన్ని తీర్చడానికి సర్వే టేపు పట్టుకుని నేనే వెళ్లాను. ఒక మూర తేడా వచ్చింది. "చూశావా, ఇంజినీరింగు కొలత!" అని గెలిచినవాడు మీసం దువ్వాడు. ఓడినవాడు ఆ రోజు నుంచి నాతో మాట మానేశాడు.

మా ఇంజినీరు గారు చిన్నవాడు, ఉత్తరాంధ్ర వైపు నుంచి వచ్చినవాడు. మిరప ఘాటు అలవాటు లేదు. జీపు దిగగానే మొదలుపెట్టి పదిహేను తుమ్ములు తుమ్మాడు. కళ్లు తుడుచుకుంటూ, "ఏంటండీ ఇదంతా?" అన్నాడు.

"కల్లం సార్."

"పైనుంచి ఎవరైనా చూడ్డానికొస్తే?"

"వస్తే తుమ్ముకుంటూ పోతారు సార్."

ఆయన నవ్వాపుకోలేకపోయాడు. తెల్ల గీతలు వేసే మిషను వాడు మాత్రం తల బాదుకుని, కాయ లేనంత మేరకే గీతలు గీసుకుని వెళ్లిపోయాడు. హైవే మీద పోయే కార్లు ఆగేవి. జనం దిగి రెయిలింగు మీంచి ఫోటోలు తీసుకునేవాళ్లు. మధ్యాహ్నం అందరం హైవే కింద అండర్‌పాస్ నీడలో చేరేవాళ్లం. గోంగూర, పచ్చిపులుసు, ఒకరి క్యారేజీలోంచి ఒకరికి. రంగు చెడిన తాలుకాయ ఏరే ఆడవాళ్లు పాటలాపి నన్ను పట్టుకునేవాళ్లు. "సూపర్‌వైజర్ గారూ, వచ్చే ఏడాది ఇంకో రోడ్డు వేయించండి, మాకు చోటు సరిపోలా," అని. అత్త అయితే అన్నం కలుపుతూ, "మా తమ్ముడుంటే ఈపాటికి ట్రాక్టరు అడ్డం పెట్టి ఈ రోడ్డు కూడా జామ్ చేసుండేవాడు," అంది. నాన్న పోయాక ఆవిడ నోటి నుంచి నాన్న గురించి నవ్వుతూ వచ్చిన మొదటి మాట అది. పాత సెంటర్ మళ్లీ వచ్చి మా ఊరి పక్కన కూర్చున్నట్టుంది నాకు. నిజం చెప్పాలంటే ఆ కల్వర్టు ఇంకో నెల ఆరకపోయినా బాగుండుననుకున్నాను.

పన్నెండో రోజు పొద్దున్నే ఫోనొచ్చింది. సెంటర్లో పాత మురిక్కాలవ మీది బండలు విరిగి, టిక్కీల లారీ చక్రం అందులోకి దిగబడింది. లారీ అడ్డంగా పడిపోయింది. నాలుగు వైపులా బండ్లు నిలిచిపోయాయి. దాన్ని తీసి, కాలవ మళ్లీ కట్టేదాకా టౌన్లోకి దారి లేదు. మర్నాడు పొద్దున పదింటికల్లా లింకు రోడ్డు ఎలా ఉంటే అలా తెరవాలని పైనుంచి మాటొచ్చింది. కల్వర్టు ఎటూ ఆరింది, స్తంభాలు జరిపేశారు. అడ్డం ఉన్నది మిరపకాయలే.

ఊళ్లోవాళ్లకి చెప్పాను. ముందు గొణిగారు, తర్వాత ఎవరి పట్టా వాళ్లు చుట్టుకోవడం మొదలుపెట్టారు. వాళ్ల కాయ దాదాపు ఎండిపోయింది. గొడవ లేదు. మిగిలింది అత్త కాయ. దానికి ఇంకా మూడు ఎండలు కావాలి. పచ్చి మిగిలిన కాయను గోతాల్లో తొక్కితే రెండు రోజుల్లో బూజు పడుతుంది, రంగు పోతుంది, తాలు కింద పోతుంది. ఆ ఏడాది ఆవిడ వ్యవసాయమంతా ఆ ముక్క మీదే ఉంది. మొదటి కోత పురుగు తినేసింది. ఒక పక్క ఆవిడ కాయ ఉంచి, రెండో పక్క బండ్లు వదలొచ్చేమోనని ఇంజినీరు గారిని అడిగాను. లారీ గాలికి పట్టా లేచి చక్రానికి చుట్టుకుంటే మనుషులు పోతారు అన్నాడు. అది నాకు తెలియక అడిగింది కాదు.

అత్త దగ్గరికి నడుస్తూ నేనొక మాట తయారు చేసుకున్నాను. 'నాన్న కోసమైనా తియ్యి అత్తా.' దానికి ఆవిడ కాదనదని నాకు తెలుసు. తెలిసే తయారు చేసుకున్నాను.

ఆవిడ చెప్పులు విప్పేసి, కాయలో కాళ్లు ఈడ్చుకుంటూ చాళ్లు తీస్తోంది. అడుగుది పైకి, పైది అడుగుకి. నన్ను చూసి ఆగలేదు.

"తెలిసిందిలే. రేపేనంటగా."

"రేపే అత్తా."

"ఇంకా మూడెండలు కావాలిరా దీనికి. మూడంటే మూడు. మీ రోడ్డు ఇన్నేళ్లు ఆగింది, ఇంకో మూడు రోజులు ఆగలేదా?"

"సెంటర్లో లారీ పడిపోయింది. మనుషులు కదలడానికి లేదు."

అత్త చాలు మధ్యలో ఆగింది. టౌన్ వైపు చూసింది. అంత దూరం నుంచి కూడా హారన్లు వినపడుతున్నాయి. నేను నా మాట అందామని నోరు తెరిచాను.

"మీ నాన్న నీళ్లడిగాడురా ఆ రోజు," అంది.

నేను పట్టా అంచున కూర్చున్నాను.

"సెంటర్లో ఆటో ఆగిపోయింది. అక్కా, నీళ్లు అన్నాడు. పక్కనే కూల్‌డ్రింకు కొట్టు, నాలుగడుగులు. దిగుదామనుకున్నా. నేను దిగ్గానే ఆటో కదిలిద్దేమో, వాడొక్కడే పోవాల్సొచ్చిద్దేమోనని దిగలేదు. ఇప్పుడు కదిలిద్ది, ఇప్పుడు కదిలిద్ది అని అట్టాగే కూర్చున్నా. అది కదల్లా. నేను నీళ్లు ఇయ్యలా."

ఇన్నేళ్లూ ఆ సెంటర్ నా నాన్నని తీసుకుపోయిందని నేను దాని మీద కోపం పెట్టుకున్నాను. అత్త తన మీదే పెట్టుకుంది. అలాంటి మనిషి దగ్గరికి నాన్న పేరు చెప్పి కాయ తీయిద్దామని వచ్చాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆ మాట మళ్లీ ఎప్పుడూ నోట్లోకి రానివ్వలేదు.

"అత్తా, పెద్దవాళ్లతో నేను మాట్లాడతా. రేపు కాకపోతే ఎల్లుండి తెరుస్తారు. ఉండనీ కాయ," అన్నాను. నిజంగానే అన్నాను. ఉద్యోగం పోయినా పోనీ అనుకున్నాను.

"ఏడిశావు. అక్కడ ఏ ఆటోలో ఎవరున్నారో ఏందో," అంది. కాళ్లకంటిన గింజలు దులుపుకుని చెప్పులేసుకుంది. "గోతాలు తీసుకురా పో. నిలబడి చూస్తావేంది?"

గోతాలు పట్టడానికి ముందుగా వచ్చినవాడు ఎవరనుకున్నారు? మూర తేడాతో గట్టు తగాదా ఓడిపోయి నాతో మాట మానేసినవాడు. ఆ వెనక మిగతావాళ్లు. మా ఇంజినీరు గారు ముక్కుకి రుమాలు కట్టుకుని తనూ ఒక గోతం ఎత్తాడు. సైటు ఆఫీసు డాబా ఖాళీ చేయించి, అక్కడ పోసుకోమన్నాడు. ఆ డాబా మీద పట్టింది మూడో వంతు. మిగతాది బడి వరండాలో కొంత, మా ఇంటి ముందు కొంత, ఎక్కడ పడితే అక్కడ పల్చగా నెరిపాం. సాయంత్రానికల్లా ర్యాంపు ఊడ్చి, గీతలు గీసి అప్పగించాను. మర్నాటి నుంచి మూడు రోజులు మబ్బు పట్టింది. మూడు ఎండలు కాదు, ఒక్క ఎండ కూడా రాలేదు.

డాబా మీది కాయ ఒక్కటే దక్కింది. మిగతాది నల్లబడింది, బూజు పట్టింది. అత్తతోపాటు గుంటూరు యార్డుకు నేనూ వెళ్లాను. వ్యాపారి గోతంలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయ తీసి, విరిచి, వాసన చూసి, "ఇంత తొందరపడి ఎందుకు ఎత్తారమ్మా?" అన్నాడు. తాలు పక్కన వేయమన్నాడు, వేశాం. వచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను ఏదో ఓదార్చబోతే, "నోర్మూసుకుని కూర్చో. వచ్చే ఏడు మళ్లీ వేస్తాంగా," అంది.

రోడ్డు తెరిచినప్పుడు రిబ్బను ఎవరు కత్తిరించారో, వాళ్ల పేర్లు పక్కనున్న రాయి మీద ఉన్నాయి. నేను ఒక్కసారే చదివాను. మిరపకాయ పోసినవాళ్లవి గానీ, ఎత్తినవాళ్లవి గానీ అందులో లేవు. ఉంటాయని ఎవరనుకుంటారు లెండి.

వారం తర్వాత, మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్త మా ఇంటికొచ్చింది. ఉతికిన చీరాల చీర కట్టుకుంది, తల దువ్వుకుంది.

"నన్ను ఒకసారి ఆసుపత్రి దాకా తీసుకుపో," అంది.

"ఏమైంది అత్తా? నొప్పా?"

"నాకేం లేదు, గుండ్రాయిలా ఉన్నా. బండి తియ్యి."

వెనక కూర్చుని నా భుజం పట్టుకుంది. అండర్‌పాస్ దాటి, ర్యాంపు పక్క నుంచి లింకు రోడ్డెక్కాం. ఆవిడ కాయ పోసిన చోటు దాటుతున్నప్పుడు నేను కిందికి చూశాను, ఆవిడ చూడలేదు. "మెల్లగా పోనియ్యనా?" అన్నాను. "ఆటోలు ఎట్టా పోతాయో అట్టా పో," అంది. కొత్త కల్వర్టు దాటాం, చేలు దాటాం, ఒక మలుపు తిరిగాం. ఎక్కడా ఆగే పని పడలేదు. బండి ఆపి స్టాండు వేశాను.

"ఎందుకాపావు?"

"ఆసుపత్రి అత్తా."

ఆవిడ దిగి గేటు వంక చూసింది. తర్వాత మేం వచ్చిన రోడ్డు వంక చూసింది. అక్కడి నుంచి మా ఊరి డాబాలు కనపడుతున్నాయి.

"వచ్చేశామా?"

"వచ్చేశాం."

"ఇంతేనా రా?" అంది. "ఇంతేనా?"

నేను తలూపాను. గేటు దగ్గరున్న వాచ్‌మన్, ముసలామె రోడ్డు మీద నిలబడిపోవడం చూసి, చక్రాల కుర్చీ తోసుకుంటూ గబగబా వచ్చాడు. "ఎవరికండీ బాగోలేదు?" అని అడిగాడు.

"నా తమ్ముడికి," అంది అత్త.

అతను మా ఇద్దరి వెనకా చూశాడు. ఎవరూ లేరు. బండి హ్యాండిల్ పట్టుకుని అక్కడే నిలబడి ఏడ్చాను.